లైన్ క్లియర్

కాశీబుగ్గ, కేటీ రోడ్డు,
ఎరువుల కొట్టు మీద మేడ.
మెట్లెక్కుతుంటే యూరియా వాసన,
ఎక్కాక జీడిగింజలు కాల్చే పొగ.
మధ్యలో నా కుడి భుజం.

ముప్పై రెండేళ్ళు స్తంభాలెక్కిన భుజం
ఇప్పుడు చిలక్కొయ్యకి చొక్కా తగిలించలేదు.

ప్రసూనమ్మది మా ఆఖరి కూతురి ఈడు.
తడిపిన స్పాంజీ ముక్కలు నాలుగు
భుజం చుట్టూ పెట్టి పట్టీ బిగించింది.
ఎర్రవి రెండు, నల్లవి రెండు తీగలు.
ఎటునుంచి ఎటు పోతున్నాయో
కళ్ళు వాటంతటవే వెతికాయి.
"కరెంటు పెడతాను అంకుల్. భయపడకండి."

దాన్ని నేనెప్పుడూ
అరచేత్తో ముట్టుకోలేదు తల్లీ.
చెయ్యి తిరగేసి, వేళ్ళ వెనకవైపుతో తాకాలి;
లోపలివైపు తగిలిందా,
అది చెయ్యి పట్టుకుంటుంది, వదలదు.
పిల్లల జ్వరం, పొయ్యి మీద గిన్నె,
మా ఆవిడ చెంప,
ఇంట్లో అన్నీ వెనకచేత్తోనే.

"లైన్ క్లియర్ తీసుకున్నావేటమ్మా?" అన్నాను.
ఆ పిల్లకి అర్థం కాలేదు, నవ్వింది.
మర తిప్పింది.

మొదట ఒక చీమ.
తర్వాత చీమలబారు.
తర్వాత, వాన ముందు సబ్‌స్టేషన్‌లో వినపడే మోత,
ఈసారి చర్మం లోపల.
"తెలుస్తోందా?"
"తెలుస్తోంది."
"పెంచనా?"
ఇన్నేళ్ళలో నన్నెవరూ అలా అడగలేదు.
అది అడిగి రాదు కదా.

రెండు కరెంట్లు అడ్డంగా ఒకదాన్నొకటి దాటుతాయట,
దాటినచోట మూడోది పుడుతుందట,
నొప్పి కంటే ముందెళ్ళి
గుమ్మంలో అడ్డంగా కూర్చుంటుందట.
నాకు తెలిసిన లెక్కలో
రెండు తీగలు కలిస్తే పుట్టేది మంటే.

ఉద్దానం కొబ్బరిచెట్లన్నీ పడుకున్న తుఫాను,
పదకొండో రోజు.
లైన్ క్లియర్ ఉంది. కాగితం మీద సంతకం ఉంది.
ఎర్తు రాడ్డు పక్క ఊళ్ళో ఉంది,
మూడు గ్యాంగులకీ అదొక్కటే.
ఎవరో ఫోన్ల చార్జింగుకని
జనరేటర్ అద్దెకి తెచ్చారు,
మెయిన్ దించడం మరిచారు.
అది వెనకదారిన వచ్చింది,
ట్రాన్స్‌ఫార్మర్‌లో దూరి పెరిగి పెరిగి.
కింద తాడు పట్టుకున్నది నేను.
"ఒరే, పానా అందియ్యి" అనబోయిన దాలినాయుడు
"పానా" దాకా అన్నాడు.

అతన్ని దించిన భుజం ఇదే.
ప్రసూనమ్మ చీటీ మీద మాత్రం
'పట్టేసిన భుజం, షుగరు వల్ల' అని ఉంది.
అదీ నిజమే.

ఎనిమిది నిమిషాలకి నొప్పి
గూడ్సుబండి పలాస దాటినట్టు,
ఆఖరి పెట్టె దాకా లెక్కపెట్టించుకుని పోయింది.
పక్క మంచం మీద ఆదెమ్మ,
జీడిపప్పు పొట్టు తీసి తీసి మెడ బిగిసిన మనిషి,
గురక పెడుతోంది.

టప్.

ఫ్యాను ఆగింది. మోత ఆగింది.
చీమలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.
చెప్పులు మరిచిపోయిన చుట్టంలా
నొప్పి తిరిగొచ్చింది.
"ఓలమ్మ! ఇప్పుడే తీసెయ్యాలేటి?
ఈ కరెంటోల్లకి బుద్ది నేదు" అని లేచింది ఆదెమ్మ.
"కింద కొట్టువాళ్ళ జనరేటర్ ఉంది,
వెయ్యమంటాను" అంది ప్రసూనమ్మ.

"వద్దు!"

అంత గట్టిగా అంటాననుకోలేదు.
ఆ పిల్ల చేతిలో ఫోను అలాగే ఉండిపోయింది.

కిటికీలోంచి చూపించాను.
రోడ్డు చివర, స్తంభం మీద ఓ గుంటడు.
పసుపు టోపీ, నడుముకి తాడు.
జంపరు తెగినట్టుంది.
తొడుగులున్నాయో లేవో ఇక్కణ్ణుంచి కనపడదు.
"ఆడు దిగనీ అమ్మా. నొప్పికేటి తొందర."

భుజం మీద స్పాంజీలు చల్లబడుతున్నాయి.
ఒక చుక్క వీపు మీదికి జారింది.
ఆదెమ్మ మెడ తిప్పలేక
ఒళ్ళంతా కిటికీ వైపు తిప్పి నిలబడింది.
కింద ఎవరో హారన్ కొడుతున్నారు.

వాడు చెయ్యి చాపాడు.
తీగని తాకబోయే ముందు,
ఒక్క క్షణం,
చెయ్యి తిరగేశాడు.